షెడ్డులో 32 ఆంపియర్ సాకెట్: ఎంసీబీ పడలేదంటే అంతా బాగున్నట్టు కాదు

ఈ ఎపిసోడ్‌లో ఇంటి లోపలి వైరింగ్ గురించి కాదు, ఇంటి వెనకాల ఉండే షెడ్డు గురించి మాట్లాడుకుందాం. పెరట్లో నాలుగు ఇనుప స్తంభాలు పాతి, పైన రేకులు వేసి, ఒక పక్క షట్టర్ పెట్టుకుంటాం కదా, అదే. ఒకప్పుడు అందులో గడ్డి, కట్టెలు, పాత సైకిలు ఉండేవి. ఒక బల్బు, ఒక స్విచ్చి ఉంటే సరిపోయేది. ఇప్పుడు ఐటీఐ చేసిన తమ్ముడు అక్కడే వెల్డింగ్ పని మొదలుపెడతానంటున్నాడు. ఇంకొకరు కంప్రెసర్ పెట్టి టైర్ల పని చేద్దామనుకుంటున్నారు. ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లకైతే చార్జింగ్‌కి అంతకన్నా మంచి చోటు లేదు.

వీళ్లందరూ షాపులోకి వెళ్లగానే అడిగేది ఒకటే. "అన్నా, 32 ఆంపియర్ సాకెట్ ఎంత?"

నిజానికి ఈ మొత్తం పనిలో చవకైన వస్తువు ఆ సాకెట్టే. దాని మీద రాసిన 32 అనే అంకె మనకొక మాట ఇస్తోంది, నా దగ్గర 32 ఆంపియర్లు తీసుకోండి, ఏమీ కాదు అని. ఆ మాట నిలబెట్టాల్సింది సాకెట్ కాదు. దాని వెనకున్న నాలుగు: వైరు, ఎంసీబీ, ఎర్తింగ్, ఆర్‌సీసీబీ. వీటిలో చివరి రెండూ లేకపోయినా షెడ్డు చక్కగా నడుస్తుంది. బల్బు వెలుగుతుంది, వెల్డింగ్ అవుతుంది. అందుకే జనం వాటిని వదిలేస్తారు. ప్రాణం పోయేది కూడా సరిగ్గా ఆ రెండింటి దగ్గరే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఇది చూసి మీరే స్క్రూడ్రైవర్ పట్టుకోమని కాదు. ఈ పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ చేయాలని రూల్ ఉంది. కానీ డబ్బులు ఇచ్చేది మీరు, ఆ షెడ్డులో నిలబడేది మీరు. ఎలక్ట్రీషియన్ ఏం చేస్తున్నాడో అర్థం కావాలి, సరైన ప్రశ్న అడగడం రావాలి. అందుకే ఈ ఎపిసోడ్.

లెక్కల కోసం ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఇంటి మెయిన్ బోర్డు నుంచి షెడ్డు 40 మీటర్ల దూరం. సింగిల్ ఫేజ్, 230 వోల్టులు. ఒక 32 ఆంపియర్ పాయింట్ కావాలి. 230ని 32తో గుణిస్తే 7,360 వాట్లు. ఈవీ చార్జర్ మీద 7.4 కిలోవాట్లు అని రాసి ఉంటుంది చూడండి, అది ఈ లెక్కే.

మొదట సాకెట్

మన ఇళ్లలో గోడకి ఉండేవి రెండే రకాలు. చిన్నది 6 ఆంపియర్లు, పెద్దది 16 ఆంపియర్లు. గీజర్‌కి, ఏసీకి పెట్టే పెద్ద సాకెట్ 16 దగ్గర ఆగిపోతుంది. 32 కావాలంటే ఇండస్ట్రియల్ సాకెట్‌కి వెళ్లాలి. గుండ్రంగా ఉండి, పైన స్ప్రింగు మూత ఉంటుంది. నీలం రంగుదైతే 230 వోల్టుల సింగిల్ ఫేజ్, మూడు పిన్నులు. ఎరుపు రంగుదైతే 415 వోల్టుల త్రీ ఫేజ్, నాలుగో ఐదో పిన్నులు. ఎర్త్ పిన్ను మిగతావాటికన్నా లావుగా ఉంటుంది కాబట్టి తిప్పి పెడదామన్నా దూరదు.

ఈవీకైతే మామూలుగా గోడకి బిగించే చార్జర్‌నే నేరుగా వైరింగ్‌కి కలుపుతారు, మధ్యలో సాకెట్ ఉండదు. అయినా వెనకాల కావాల్సినవి ఇవే.

షెడ్డులో వాన జల్లు కొడుతుంది, దుమ్ము ఉంటుంది. అందుకని సాకెట్ మీద ఐపీ 44 అని ఉండాలి, అంటే నీళ్లు చిందినా లోపలికి పోవు. ఆరుబయట గోడకైతే ఐపీ 67 తీసుకోండి.

ఇక ప్లగ్గు లేకుండా వైరు చివర్లు ఒలిచి సాకెట్ బొక్కల్లో దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు దోపడం. ఇది మనందరం చూసిందే. అందులో రెండు తీగలే వెళ్తాయి. మూడోది, అంటే ఎర్త్, గాల్లో ఉంటుంది. ఆ మూడోది ఎందుకో కాసేపట్లో చూద్దాం.

ఇప్పుడు వైరు

వైరులో వేడి కరెంటుకి సమానంగా పెరగదు, దాని వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. 16 ఆంపియర్ల బదులు 32 పంపితే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు. మన ఉదాహరణలో 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేశారనుకోండి. వెళ్లేది 40 మీటర్లు, తిరిగొచ్చేది 40 మీటర్లు, మొత్తం 80. 32 ఆంపియర్లు లాగితే దారిలోనే దాదాపు 20 వోల్టులు పోతాయి. వాట్లలో చెప్పాలంటే 650. అంటే ఒక ఇస్త్రీ పెట్టెకి దగ్గరగా వచ్చే వేడి పైపులోపల, గోడలోపల, రోజూ గంటల తరబడి. అటు వెల్డింగ్ మిషన్‌కి వోల్టేజీ చాలక రాడ్ అతుక్కుపోతుంటే, మనం మిషన్ బాగాలేదని తిట్టుకుంటాం.

అదే 6 స్క్వేర్ ఎంఎం అయితే పోయేది 8 వోల్టుల పైచిలుకు. 10 స్క్వేర్ ఎంఎం అయితే 5 వోల్టులు. మోటార్లు, మిషన్లకి మొత్తం వోల్టేజీలో 5 శాతం లోపు పోవచ్చు. ఆ లెక్కన 6 కూడా పాసే.

కానీ మన ఎండలు ఉన్నాయి కదా. వైరు ఇంత కరెంటు మోస్తుందని పట్టికలో ఇచ్చే అంకె చుట్టూ గాలి 30 డిగ్రీలు ఉన్నప్పటిది. పైపులో వేసిన 6 స్క్వేర్ ఎంఎం మామూలు పీవీసీ వైరు అప్పుడు 41 ఆంపియర్ల దాకా మోస్తుంది. 45 డిగ్రీలకి అదే వైరు 32కి దిగిపోతుంది. 50 డిగ్రీలకి 29. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో రేకుల కింద మధ్యాహ్నం ఎంత ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కారు చార్జింగ్ అయితే ఐదారు గంటలు ఆపకుండా 32 లాగుతూనే ఉంటుంది. అందుకే మన ఉదాహరణకి 10 స్క్వేర్ ఎంఎం సరైనది. ఎర్త్ తీగ కూడా అంతే, 10. ఫేజ్ తీగ 16 స్క్వేర్ ఎంఎం వరకు ఉన్నప్పుడు ఎర్త్ తీగ దానికి సమానంగా ఉండాలి. ఎర్త్‌కి సన్నది చాల్లే అనే మాట వినకండి.

ఎంసీబీ ఏం చేస్తుంది, ఏం చేయదు

ఎంసీబీ ఉన్నది వైరుని కాపాడటానికి. మనిషిని కాపాడటానికి కాదు. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

32 ఆంపియర్ ఎంసీబీ అంటే 33 రాగానే పడిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా పడదు. ప్రమాణం ప్రకారం 1.13 రెట్లు, అంటే 36 ఆంపియర్ల దాకా గంటసేపు పోయినా అది పడకూడదు. 1.45 రెట్లు, అంటే 46 ఆంపియర్లు పోతే గంట లోపల పడాలి. గంట లోపల అన్నాను, వెంటనే అనలేదు. వెంటనే పడాలంటే సీ టైపు ఎంసీబీకి 5 నుంచి 10 రెట్లు కావాలి. మన 32కి అది 160 నుంచి 320 ఆంపియర్లు. ఈ అంకెలు చేతిలో ఉంచుకోండి, ఇప్పుడే వాడదాం.

వెల్డింగ్ మొదలుపెట్టగానే ఎంసీబీ పడుతోందని 32 తీసేసి 63 పెట్టేవాళ్లు ఉన్నారు. వైరు మాత్రం పాతదే. ఆ తర్వాత ఎంసీబీ పడదు, నిజమే. ఇక కాలాల్సింది వైరే.

అసలు విషయం: ఎర్తింగ్

వెల్డింగ్ మిషన్ లోపల ఒక తీగ ఇన్సులేషన్ పోయి మిషన్ బాడీకి తగిలిందనుకోండి. బాడీకి ఎర్త్ ఉంది. ఇంటి దగ్గర ఎర్త్ పిట్ కూడా తవ్వించారు. ఎర్త్ ఉంది కాబట్టి కరెంటు భూమిలోకి పోతుంది, ఎంసీబీ పడుతుంది, మనకేం కాదు. ఇదీ అందరి నమ్మకం. లెక్క వేసి చూద్దాం.

మన ఎర్త్ పిట్ నిరోధం 5 ఓమ్‌లు అనుకుందాం. ఇంటి పిట్‌కి అది మంచి అంకె. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ ఎర్తింగ్ 2 ఓమ్‌లు. కరెంటు మన పిట్‌లో దిగి, మట్టిలోంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్లాలి. మొత్తం 7 ఓమ్‌లు. 230ని 7తో భాగిస్తే దాదాపు 33 ఆంపియర్లు.

33 ఆంపియర్లు! మన ఎంసీబీ 32. వెంటనే పడాలంటే కనీసం 160 కావాలన్నాం. 36 దాకా అసలు పడకూడదన్నాం. అంటే ఆ ఎంసీబీ పడదు. ఇప్పుడు కాదు, గంట తర్వాత కూడా పడదు. అప్పుడు మిషన్ బాడీ మీద ఎంత వోల్టేజీ ఉంటుంది? 33ని మన 5 ఓమ్‌లతో గుణించండి. దాదాపు 165 వోల్టులు. మిషన్ ఇనుప స్తంభానికి ఆనుకుని ఉంటే ఆ స్తంభం, దాని మీది రేకులు, షట్టర్, అన్నీ కరెంటే. వానాకాలం తడి కాళ్లతో ఎవరైనా వచ్చి షట్టర్ ఎత్తబోతే? మనిషి శరీరం నిరోధాన్ని లెక్కకోసం 1,000 ఓమ్‌లు అనుకుంటే 165 మిల్లీ ఆంపియర్లు ఒంట్లోంచి పోతాయి. గుండె లయ తప్పడానికి అందులో చిన్న భాగం చాలు.

చూశారా, ఎర్త్ ఉంది, ఎంసీబీ ఉంది, రెండూ బాగున్నాయి. అయినా మనిషి పోతాడు.

ఇక్కడ ఇంకో మాట. ఎర్త్ బాగుందో లేదో చూడటానికి మన దగ్గర ఒక పద్ధతి ఉంది. 100 వాట్ల బల్బు హోల్డర్‌కి రెండు తీగలు కట్టి, ఒకటి ఫేజ్‌కి, ఒకటి ఎర్త్‌కి పెడతారు. ధగధగా వెలిగితే ఎర్త్ సూపర్ అంటారు. ఆ బల్బు నిరోధమే దాదాపు 530 ఓమ్‌లు. మీ పిట్ ఎండిపోయి 50 ఓమ్‌లకి చేరినా సరే, బల్బుకి 210 వోల్టులు అందుతాయి. మీ కంటికి తేడా తెలియదు. అదే పిట్‌తో బాడీ షార్ట్ అయితే పోయేది 4 ఆంపియర్ల పైచిలుకే, బాడీ మీద ఉండేది 220 వోల్టులు. బల్బు అబద్ధం చెప్పదు కానీ అడిగినదానికి మాత్రమే జవాబిస్తుంది. ఎర్త్ నిరోధాన్ని ఎర్త్ టెస్టర్‌తోనే కొలవాలి, అదీ వేసవిలో నేల ఎండి ఉన్నప్పుడు ఓసారి.

అందుకే ఆర్‌సీసీబీ

ఆర్‌సీసీబీ పని చాలా సింపుల్. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానమా కాదా అని చూస్తూ ఉంటుంది. తేడా వచ్చిందంటే ఆ కరెంటు ఇంకెక్కడికో పోతోందని అర్థం. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అయితే తేడా 30 మిల్లీ చేరితే 0.3 సెకన్ల లోపల పడాలి. దానికి ఐదు రెట్లు అయితే 0.04 సెకన్లలో పడాలి. మన లెక్కలో లీకయింది 33 ఆంపియర్లు, అంటే దాని హద్దుకి వెయ్యి రెట్లు పైనే. ఎంసీబీ కనీసం గమనించని తప్పుని ఇది రెప్పపాటులో ఆపేస్తుంది. పిట్ 50 ఓమ్‌లకి ఎండిపోయినా ఆపేస్తుంది.

అయితే దీనికీ హద్దులున్నాయి. ఓవర్‌లోడ్‌ని ఆర్‌సీసీబీ పట్టించుకోదు. కాబట్టి దానితోపాటు ఎంసీబీ కావాల్సిందే, లేదా రెండు పనులూ చేసే ఆర్‌సీబీఓ పెట్టుకోవాలి. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే మిమ్మల్ని కూడా ఒక బల్బే అనుకుంటుంది, పడదు. ఈవీ చార్జర్‌కి టైప్ ఏ తీసుకోండి. చార్జర్ లోపల డీసీ లీకేజీని పట్టే ఏర్పాటు ఉందో లేదో దాని పుస్తకంలో చూడండి. లేకపోతే టైప్ బీ కావాలి, అది ఖరీదెక్కువ.

ఇంట్లో మెయిన్ దగ్గర కూడా 30 మిల్లీదే ఉంటే షెడ్డులో తప్పు జరిగినప్పుడు ఇల్లంతా చీకటవుతుంది. అప్పుడు విసుగొచ్చి తీసేసేవాళ్లు ఉన్నారు. తీసేయకండి. షెడ్డు లైనుని ఇంటి 30 మిల్లీదానికి ముందు నుంచే వేరుగా తీసుకుని, దాని మొదట్లో కాస్త ఆలస్యంగా పడే 100 మిల్లీది, ఎస్ టైపు అంటారు, షెడ్డులో 30 మిల్లీది పెట్టించండి. షెడ్డులో తప్పు షెడ్డులోనే ఆగుతుంది.

షెడ్డు వేరే కట్టడం కాబట్టి

షెడ్డుకి సొంత డిస్ట్రిబ్యూషన్ బోర్డు ఉండాలి. లోపలికి అడుగుపెట్టగానే చేతికందే చోట ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ కలిపి ఆపే డబుల్ పోల్ ఐసోలేటర్ ఉండాలి. ఏదైనా అయితే 40 మీటర్లు పరుగెత్తి ఇంట్లో మెయిన్ ఆపే టైము ఉండదు.

ఎర్త్ తీగ ఇంటి నుంచి రావాలి, దానికి తోడు షెడ్డు దగ్గర ఇంకో పిట్ ఉండాలి. పిట్ గోడకి కనీసం మీటరున్నర దూరంలో తవ్వించండి. షెడ్డు ఇనుప స్తంభాలు, రేకుల ఫ్రేము, షట్టర్ ఫ్రేము, అన్నింటినీ ఆ ఎర్త్‌కి తీగతో కలపాలి. అన్నీ ఒకే వోల్టేజీ మీద ఉంటే ఒక చెయ్యి మిషన్ మీద, ఇంకో చెయ్యి స్తంభం మీద ఉన్నా వాటి మధ్య షాక్ ఉండదు.

న్యూట్రల్‌ని, ఎర్త్‌ని షెడ్డులో ఎక్కడా కలపకూడదు. ఎర్త్ లేదని సాకెట్‌లోనే న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకి చిన్న తీగ వేసేస్తారు కొందరు. ఎప్పుడైనా దారిలో న్యూట్రల్ తెగిందంటే మిషన్ బాడీ మీద పూర్తి ఫేజ్ వచ్చి కూర్చుంటుంది. మిషన్‌లో ఏ తప్పూ లేకుండానే.

కేబుల్ భూమిలో పోవాలి. ఆర్మర్డ్ కేబుల్, 75 సెంటీమీటర్ల లోతు, కింద పైన ఇసుక, దాని మీద వరసగా ఇటుకలు, ఆ పైన మట్టిలో హెచ్చరిక టేపు. రేపు ఎవరైనా అరటి మొక్క కోసం గునపం వేస్తే ముందు టేపు, తర్వాత ఇటుక తగలాలి. ఆర్మర్‌ని కూడా ఎర్త్ చేయాలి. అల్యూమినియం కేబుల్ అయితే సైజు పెరుగుతుంది, రాగితో కలిసే చోట బైమెటల్ లగ్గులు వాడాలి. చెట్టుకి కట్టి, దండెం పక్కనుంచి సర్వీస్ వైరు లాగడం మాత్రం వద్దు. తడి బట్టలు ఆరేస్తూ షాక్ కొట్టి పోయినవాళ్ల వార్తలు మన పేపర్లలో ప్రతి వానాకాలం చదువుతూనే ఉన్నాం.

రూల్స్ ఏమంటున్నాయి

వైరింగ్‌కి ఐఎస్ 732, ఎర్తింగ్‌కి ఐఎస్ 3043, ఇంటి ప్లగ్గు సాకెట్లకి ఐఎస్ 1293. వీటి మీద సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ భద్రతా నిబంధనలు ఉన్నాయి. 2010 నాటి వాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. లైసెన్సున్న కాంట్రాక్టర్, అర్హత సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ అనే షరతు వాటిలోదే.

ఇంకోటి, లోడు. ఇంటికి 2 కిలోవాట్లు రాయించుకుని షెడ్డులో 7 కిలోవాట్లు లాగితే మీటరు దాకా ఉన్న సర్వీస్ వైరు తట్టుకోదు. ముందే డిస్కమ్‌లో అదనపు లోడుకి దరఖాస్తు పెట్టండి, అవసరమైతే త్రీ ఫేజ్ తీసుకోండి. షెడ్డులో డబ్బులు తీసుకుని పని చేస్తారా? అయితే ఇంటి కేటగిరీ మీటరు మీద నడపకూడదు. ఆ విషయం కూడా అక్కడే అడగండి.

కరెంటు ఇచ్చే ముందు

పని అయిపోయాక డబ్బులు ఇచ్చే ముందు ఐదు అడగండి. ఒకటి, మెగ్గర్ పెట్టారా? 500 వోల్టులతో కొలిస్తే ఇన్సులేషన్ కనీసం 1 మెగాఓమ్ ఉండాలి. రెండు, ఎర్త్ టెస్టర్‌తో పిట్ ఎన్ని ఓమ్‌లు వచ్చింది? అంకె బోర్డు తలుపు లోపల రాయించండి. మూడు, సాకెట్ ఎర్త్ పిన్ను నుంచి పిట్ దాకా తీగ తెగకుండా ఉందని కొలిచారా? నాలుగు, ఆర్‌సీసీబీ ఎన్ని మిల్లీ ఆంపియర్లది, టెస్ట్ బటన్ నొక్కితే పడుతోందా? ఐదు, కేబుల్ చివర్లకి లగ్గులు వేసి స్క్రూలు గట్టిగా బిగించారా? వదులు స్క్రూ దగ్గరే నిప్పు మొదలవుతుంది.

ఆ టెస్ట్ బటన్ నెలకోసారి మీరే నొక్కండి. మీటరు రీడింగు తీసిన రోజు నొక్కితే గుర్తుంటుంది. కాకపోతే ఆ బటన్ ఆర్‌సీసీబీ బతికుందో లేదో మాత్రమే చెబుతుంది, మీ ఎర్త్ సంగతి చెప్పదు. రెండూ వేరు.

ఖర్చు దగ్గర కొంత తగ్గించాలంటే పెయింటులో తగ్గించండి, షట్టర్ డిజైన్‌లో తగ్గించండి. ఎర్త్ తీగలో, ఆర్‌సీసీబీలో తగ్గించకండి. మీ ఇంట్లో షెడ్డు ఉంటే ఈ రోజు ఒక్క పని చేయండి. బోర్డు తలుపు తెరిచి, టి అని చిన్న బటన్ ఉన్న డబ్బా ఉందో లేదో చూడండి. లేకపోతే పెట్టించే దాకా తడి చేతులతో, ఉత్త కాళ్లతో ఆ షెడ్డులోకి ఎవరినీ వెళ్లనివ్వకండి.